ముంతకి ఎన్ని అంగుళాలు

విజయనగరం
18-2-1968

జగన్నాధం బావకు,

నేను బాగున్నాను. అమ్మడు అక్కడ బాగుందని చినబాబు చెప్పాడు.

నీ చెల్లెలు నారాయణమ్మ పోయి నాలుగు నెలలు. ఈ నాలుగు నెలలూ నా కూతుర్ని నువ్వూ దాలమ్మక్కా కడుపులో పెట్టుకుని చూశారు. దీనికి కృతజ్ఞత అనే మాట రాస్తే నువ్వు తిడతావు. రాయను. జూన్‌లో బడి తెరిచే వేళకి వచ్చి తీసుకెళ్తాను.

ఒక సంగతి. మీ ఊరి చినబాబు మా కాలేజీలోనే చదువుతున్నాడు కదా. మొన్న సంత నుంచి వస్తూ నువ్వు బండితో సహా పంటకాలవలో దిగావనీ, ఎడ్లు నీకంటే తెలివిగా ఒడ్డెక్కాయనీ చెప్పాడు. వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ బండి మీద రేపు నా కూతురు ఉండవచ్చు.

జంతుశాస్త్రం చెప్పుకు బతికేవాణ్ణి. అలాగే చెబుతాను. కల్లు అన్నంలా అరిగేది కాదు. ఉన్నది ఉన్నట్టుగా రక్తంలో కలుస్తుంది, రక్తంతో మెదడుకి వెళ్తుంది. అక్కడ ముందు మత్తెక్కేది కాళ్లూ చేతులూ నడిపించే చోటుకి కాదు. ‘ఇది తగదు’ అని చెప్పే చోటుకి. అందుకే తాగినవాడికి తాను తాగినట్టు అందరికంటే ఆఖరున తెలుస్తుంది. కాలేయం దాన్ని తన వేగంతోనే వదిలిస్తుంది. మజ్జిగ తాగినా, నెత్తిన బిందెడు నీళ్లు పోసుకున్నా తొందరపడదు.

అమ్మడు మీ ఇంట్లో ఉన్నన్నాళ్లయినా కల్లు మానెయ్యి.

నరసింగరావు


ఎచ్చెర్ల
25-2-1968

నరసింగరావు బావకి జగన్నాధం రాస్తున్నది.

ఉత్తరం అందింది. దాలమ్మకి చదివి వినిపించాను. అదే నేను చేసిన తప్పు. రెండోసారి చదవమంది. మూడోసారి పొయ్యి దగ్గర నుంచే, “ఆ కాలేయం ముక్క మల్లీ సెప్పు” అంది. అప్పటి నుంచి నేను మజ్జిగ అడిగితే, “తాగినా తొందరపడదంట” అంటోంది.

బండి కాలవలో దిగడం నిజం. ఎడ్లకి దాహం వేసిందని చెప్పాను. ఊరు నమ్మలేదు. చినబాబుకి నా తరఫున ఒక మొట్టికాయ వెయ్యి.

కల్లు మానమని తేలిగ్గా రాసేశావు. మద్యనిషేధం కాగితం మీద ఇరవయ్యేళ్లుగా ఉంది. తాటిచెట్టుకి చదువు రాదు కదా. నాట్లకి ముంత, కోతలకి ముంత, సంబంధం కుదిరితే ముంత, చెడితే రెండు ముంతలు. నలుగురూ కూర్చున్న చోట ముంత కాదంటే, వీడు మనకి కానివాడయ్యాడు అనుకుంటారు. కల్లు మానడం అంటే ఊరు మానడం. విజయనగరంలో కూర్చున్నవాడికి ఇది తెలియదు.

కల్లు గీసే దాలయ్యకి నీ ఉత్తరం సంగతి చెప్పాను. “మీ మేస్టారు బావ సెప్పినట్టు ఊరంతా మానేస్తే నాను ఏటి తినాల? తాటాకులా?” అన్నాడు. దీనికి నీ పుస్తకంలో జవాబుంటే రాయి.

నా వరకు ఒకటే మాట. మూడు ముంతలు పుచ్చుకున్నా నా చెయ్యి నా చెయ్యే. కాదని రుజువు చూపిస్తే మానేస్తాను. మాటంటే మాట.

అమ్మడు పెసరచేలో కాయలు కోసుకు తింటోంది. ఒళ్లు చేసింది.

జగన్నాధం


విజయనగరం
3-3-1968

బావా,

దాలయ్యకి జవాబు. ముంత లోపల సున్నం రాసి కట్టమను. పొద్దున్నే, పులవకముందే దించి కాయమను. తాటిబెల్లం అవుతుంది. బెల్లం తిని ఎవరూ కాలవలో దిగలేదు.

నీకు రుజువు. చినబాబు చేత ఒక అడుగు బద్ద పంపుతున్నాను. పన్నెండు అంగుళాలది. ఒకరు దాన్ని పైకొస పట్టుకుని నిలువుగా వేలాడదీయాలి. నువ్వు కిందికొస దగ్గర బొటనవేలూ చూపుడువేలూ తాకీ తాకకుండా ఉంచాలి. వాళ్లు చెప్పకుండా వదలాలి. నువ్వు పట్టుకోవాలి. ఎన్నో అంగుళం మీద పట్టుకున్నావో రాయాలి. తాగకముందు పదిసార్లు. ఒక్కో ముంత తరవాత పదిసార్లు. కన్ను చూసి, మెదడు చెప్పి, చెయ్యి వినేసరికి ఎంత ఆలస్యమైందో బద్దే చెబుతుంది.

ప్రతి విడతలోనూ నాకు నాలుగు ముక్కల ఉత్తరం కూడా రాయి. రాత కూడా సాక్ష్యమే.

ఈ పని అమ్మడి చేత చేయించకు.

నరసింగరావు


ఎచ్చెర్ల
17-3-1968, ఆదివారం

బావా,

అమ్మడి చేత చేయించవద్దన్నావు. బద్ద సంచిలోంచి తీయగానే, “మా నాన్న పంపినాడు, నేనే వదుల్తాను” అని లాక్కుంది. ఇన్‌స్పెక్టరు అది, ముద్దాయిని నేను. దాలయ్య పెద్దమనిషిగా కూర్చున్నాడు. సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టాం. దాని లెక్క, దాని రాతలోనే పంపుతున్నాను:

*తాగకముందు ఆరున్నర. ఒక ముంత ఏడు. రెండు ముంతలు తొమ్మిది. మూడు ముంతలు కింద పడిపోయింది. పదిసార్లూ పడిపోయింది. మావ పట్టీసేనన్నాడు. పట్టలేదు. అత్త నవ్వి కూలబడింది.*

ఇక నా ఉత్తరాలు.

తాగకముందు: బావకు నమస్కారం. ఎండలు మొదలయ్యాయి. పెసలు బాగా వచ్చాయి. గేదె ఈనింది.

ఒక ముంత: గేదె ఈనింది. పెయ్య. దానికి పేరు నువ్వే పెట్టాలి. చదువుకున్నవాడివి, మంచి పేరు పెడతావు.

రెండు ముంతలు: బావా, బద్ద వంకరగా ఉన్నాది. నువ్వు పంపినప్పుడే వంకరేటి? దాలయ్య కూడా వంకరగానే కూకున్నాడు. పెయ్య మాత్రం తిన్నగా ఉన్నాది.

మూడు ముంతలు: ఒరే బావా. నాను పట్టీసేను. ఇది పట్టనేదంటాది. నీకొకటి సెప్పాల. దాలమ్మ సెప్పొద్దన్నాది, అయినా సెప్తన్నాను. నీ కూతురు రోజూ సాయంత్రం బస్సు ఆగేకాడికి ఎల్తాది. సూరమ్మగోరింటికి మజ్జిగ ఇచ్చి వస్తానంటాది. ఆ ఈదిలో సూరమ్మే నేదు. బట్టలు పెట్టిలో సర్దీసుకున్నాది. అయిదు నెల్లయి ఒక్కపాలి రానేదు నువ్వు. ఏటి పనిరా నీకు?

సోమవారం పొద్దున్న: మూడో ముంత మీద రాసింది చింపేద్దామనుకున్నాను. దాలమ్మ, “రుజువంటే రుజువే, పంపు” అంది. పంపుతున్నాను. ఏమనుకోకు.

ఒక్కటి చెబుతాను. పదిసార్లూ పట్టుకున్నాననే అనుకున్నాను. ప్రమాణం కూడా చేశాను. బద్ద నేల మీద ఉంది. అమ్మడిని ఆ బండి మీద నాలుగుసార్లు సంతకి తీసుకెళ్లాను. ఆ నాలుగుసార్లూ నా చెయ్యి నా చెయ్యే అనుకున్నాను.

మానేస్తున్నాను. మాటంటే మాట.

జగన్నాధం


విజయనగరం
24-3-1968, ఆదివారం

నా ప్రియమైన బావా,

నువ్వు గొప్పవాడివి. ఈ మాట నీతో నేనెప్పుడూ అనలేదు. అనాలి. మనుషులు ఉన్నప్పుడే అనాలి. మా కాలేజీలో పదహారుమంది లెక్చరర్లున్నారు, పదహారుమందిలో ఒక్కడికి కూడా నీ నిజాయితీ లేదు. బద్ద పడిపోయిందని ఒప్పుకున్నావు చూడు, అదీ సైన్సు అంటే. అసలు సైన్సు అంటే అదే.

పెయ్యకి పేరు ఆలోచిస్తున్నాను. మంచి పేరు పెట్టాలి.

ఇక్కడ సాయంత్రాలు పొడుగ్గా ఉంటున్నాయి. కాలేజీ నాలుగింటికి అయిపోతుంది, తరవాత ఏముంది? అమ్మడు బస్సు దగ్గరికి వెళ్తోందని రాశావు. వెళ్లనీకు. అంటే వెళ్లనీ, కాని ఒంటరిగా పంపకు. జూన్‌లో తీసుకెళ్తానన్నాను గాని, బావా, ఇంకో ఏడాది అక్కడే ఉంచితే ఎలా ఉంటుంది? ఎచ్చెర్లలో బడి ఉంది కదా. నాకు వంట రాదు. జడ వేయడం రాదు. ఆడపిల్లకి జడ వేయాలి. రోజూ వేయాలి, ఒకరోజు వేసి ఊరుకుంటే కుదరదు. నాకు జడ వేయడం రాదు బావా. అక్కడ ఉంటే మీ ఇద్దరూ ఉన్నారు. ఇక్కడ నేనున్నాను.

నువ్వు నిజంగా గొప్పవాడివి.

నారాయణమ్మ మీ అందరినీ అడిగినట్టు చెప్పమంది.

నరసింగరావు


ఎచ్చెర్ల
7-4-1968

బావా,

ఉత్తరం అందింది. పదిరోజులు పైనే అయింది. జవాబు ఆలస్యమైంది.

కల్లు మాని ఇరవై రోజులు. మొదటి వారం చేతులు వణికాయి. చీకాకు. దాలమ్మ గిన్నె కింద పెట్టినా నన్ను కొట్టడానికే పెట్టినట్టు ఉండేది. ఇప్పుడు ఆకలేస్తోంది. పొద్దున్నే కడుపులో మంట లేదు. దాలమ్మ మొహం స్పష్టంగా కనబడుతోంది. ఇది లాభమో నష్టమో ఇంకా తేల్చుకోలేదు. దాంతో అన్నాను కూడా. “నాకు పాతికేల్ల నుంచి నీ మొకం స్పష్టంగానే కనబడతన్నాది, నానేటి సెయ్యాల?” అంది.

నలుగురిలో కూర్చున్నప్పుడే కష్టం. పోతురాజు ముంత చేతికిచ్చి, “ఏటి మావా, మేస్టారికి అల్లుడివైపోనావా?” అన్నాడు. “బద్ద పట్టు, పడకపోతే తాగుతాను” అన్నాను. పట్టాడు. పడింది. ఇప్పుడు ఊళ్లో అందరికీ అదే ఆట. ఆటలో ఓడినవాడు ఆ రోజుకి తాగకూడదని అమ్మడు రూలు పెట్టింది. తాగినవాడే ఓడుతున్నాడు మరి.

దాలయ్య తాటిబెల్లం కాచాడు. మొదటి బాండీ మాడింది. రెండోది పిల్లలు తినేశారు. మూడోది శ్రీకాకుళం తీసుకెళ్లాడు.

ఇప్పుడు నీ వంతు. నువ్వూ బద్ద పట్టు. పొద్దున్న పదిసార్లు, సాయంత్రం ఏడింటికి పదిసార్లు. లెక్క రాసి పంపు.

జగన్నాధం


విజయనగరం
12-4-1968

బావా,

పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. తీరిక లేదు. బద్ద తాగేవాళ్లకి. నాకు అవసరం లేదు.

నరసింగరావు


ఎచ్చెర్ల
21-4-1968

బావా,

నువ్వు రాసిన ఉత్తరాలన్నీ చాప మీద వరసగా పరిచాను. రాత కూడా సాక్ష్యమే అని నువ్వే రాశావు.

మిగతా వాటిలో అక్షరాలు అచ్చు వేసినట్టున్నాయి. మార్చి ఇరవై నాలుగుది అలా లేదు. గీతలన్నీ కుడిపక్కకి జారిపోయాయి. నన్ను రెండుసార్లు గొప్పవాణ్ణి చేశావు. జడ రాదని రెండుసార్లు చెప్పావు. పాతికేళ్లుగా నిన్నెరుగుదును, నువ్వు ఒక మాట రెండుసార్లు అనవు. ఒకసారే అనడానికి అణా ఇవ్వాలి. నాకు ఆ రాత కొత్త కాదు. రెండో ముంతకీ మూడో ముంతకీ మధ్య నేనూ అలాగే రాశాను.

ఆఖరు వాక్యం నీకు గుర్తుందో లేదో. “నారాయణమ్మ మీ అందరినీ అడిగినట్టు చెప్పమంది.” పదేళ్లు ప్రతి ఉత్తరం ఆ మాటతోనే ముగించావు కనుక చెయ్యి దానంతట అది రాసేసింది. అది చూసి నేను పెరట్లోకి వెళ్లి చాలాసేపు నిలబడ్డాను. అందుకే జవాబు ఆలస్యమైంది. అమ్మడికి చూపించలేదు.

నిన్ను తిట్టడానికి నాకు హక్కు లేదు. మా ఇంటి ఆచారమని నారాయణమ్మ పదకొండో రోజున పుట్టింటివాడిగా నీ చేతికి ముంత అందించింది నేనే. నువ్వు వద్దన్నావు. “కాదనకూడదు” అన్నాను. అంతకుముందు నువ్వు తాగి ఎరగవు. ఆ తరవాత నువ్వు తాగిన ప్రతి గుక్కలోనూ నా చెయ్యి ఉంది.

దాలమ్మకి చెప్పాను. అది అన్నది అన్నట్టు రాస్తున్నాను: “జడ రాకపోతే నేర్పుతాను, రమ్మను. కన్నకూతుర్ని జడ కోసం వొగ్గెస్తాడేటి? సెప్పిన పాఠం ముందు తనకి రావాల గదా.”

పిల్ల కోసం నేను కల్లు మానాను. ఆ పిల్ల నీది. అది మా ఇంట్లో ఎన్నేళ్లున్నా మాకు బరువు కాదు. కాని అది బస్సు దగ్గర నిలబడేది మా కోసం కాదు.

జగన్నాధం


విజయనగరం
28-4-1968

బావా,

ఆ ఉత్తరం ఒకసారి వెనక్కి పంపమని అడగబోయాను. అక్కర్లేదు. నమ్ముతున్నాను.

నాది కల్లు కాదు, బ్రాందీ. నిద్ర పట్టడం లేదంటే తెలిసిన డాక్టరు పర్మిటు రాయించాడు. నువ్వు తాగితే నేరం, నేను తాగితే మందు. ఆరింటికి గ్లాసు తీస్తాను. ఆ గంట గడిస్తే చాలనిపిస్తుంది. నేను ఇంటికి వచ్చేసరికి ఆవిడ ఆ వేళకి గుమ్మంలో ఉండేది. ఇప్పుడు గుమ్మం ఉంది. తరవాత నిద్ర పడుతుంది, తెల్లవారకుండానే విరుగుతుంది. బ్రాందీ నిద్ర పట్టిస్తుంది, నిలబెట్టదు. ఇది పుస్తకంలోనే ఉంది. చదివి పిల్లలకి చెప్పాను కూడా.

అమ్మడిని తీసుకురాకపోవడానికి కారణం జడ కాదు. ఆరు తరవాత నన్ను అది చూడకూడదని.

బద్ద పట్టాను. ఎదురింటి తాసీల్దారు గారు వదిలారు, ఎందుకని అడగలేదు. పొద్దున్న ఆరు అంగుళాలు. సాయంత్రం ఏడింటికి పదకొండు. తొమ్మిది అని రాద్దామనుకున్నాను. పదకొండు.

తప్పు నీ ముంతది కాదు. దాన్ని కాదనలేకపోయాను, నిజమే. మర్నాటిది నా అంతట నేనే వెతుక్కున్నాను. నీ చెయ్యి అందులో లేదు. తీసెయ్యి.

డాక్టరుకి నిజం చెప్పాను. ఒక్కసారిగా ఆపవద్దు, తగ్గించుకుంటూ రా అన్నాడు. వారం వారం సాయంత్రం లెక్క పంపుతాను. లెక్క ఆరున్నర దాటితే అమ్మడి కోసం నన్ను రానివ్వకు.

నరసింగరావు


విజయనగరం
5-5-1968 (కార్డు)

తొమ్మిది. చెమటలు పడుతున్నాయి. అన్నం సయించడం లేదు. మిగతా అంతా మామూలే.

న.


విజయనగరం
12-5-1968 (కార్డు)

ఎనిమిది. చేతులు వణికి టీ గ్లాసు పగిలింది. తాసీల్దారు గారు మాత్రం నాకు పందెం పిచ్చి పట్టిందని ఊళ్లో చెబుతున్నారు.

న.


ఎచ్చెర్ల
16-5-1968 (కార్డు)

బావా, పోస్టుమేను నీ కార్డులు నాకంటే ముందే చదువుతున్నాడు. ఈసారి ఇంటికి రాకుండానే వీధి చివర నుంచి, “ఎనిమిదికి దిగింది, జగన్నాధం మావా” అని కేకేశాడు. ఏమిటి దిగిందని పోతురాజు అడిగితే ధర అన్నాను. మిరపకాయలు ఇప్పుడే అమ్మవద్దని అందరికీ చెబుతున్నాడు. తొందరగా ఆరుకి దిగు. ఊరు నష్టపోతోంది.

జగన్నాధం


విజయనగరం
26-5-1968 (కార్డు)

ఆరున్నర. నాలుగు రోజులుగా చుక్క లేదు. పర్మిటు డాక్టరుకి ఇచ్చేశాను. పదో తారీకున బస్సుకి వస్తాను. అమ్మడికి చెప్పవచ్చు.

న.


ఎచ్చెర్ల
1-6-1968

నాన్నకి,

నువ్వు పదో తారీకుని వస్తావని మావ చెప్పాడు. ఏ బస్సో చెప్పలేదు. పొద్దున్న బస్సుకే రా. సాయంత్రం బస్సు ఒక్కోరోజు రాదు. నాకు తెలుసు.

పెయ్యకి పేరు నువ్వు పెట్టలేదు. అందుకని నేనే పెట్టీసాను. బద్ద. పిలిస్తే వస్తోంది.

నాకు జడ అల్లుకోవడం వచ్చింది. అత్త నేర్పింది. ముందు వంకర వచ్చేది, ఇప్పుడు రావటం లేదు. నీకు రాకపోయినా పరవాలేదు.

మావ ఇప్పుడు బండి నెమ్మదిగా తోలుతున్నాడు. బాగోలేదు.

అమ్మడు


విజయనగరం
16-6-1968

బావా,

క్షేమంగా చేరాం. అమ్మడు బడికి వెళ్తోంది. దాలమ్మక్క ఇచ్చిన కందిపొడి మూడు రోజుల్లో సగమైంది. నా కూర తినకుండా తప్పించుకునే దారి అదే.

మొదటిరోజు సాయంత్రం ఆరవుతుంటే నేను ఏదో పుస్తకం తీశాను. అమ్మడు వచ్చి పక్కన నిలబడింది. “నాన్నా, నీకిప్పుడేనా కష్టం?” అంది. నువ్వు చెప్పావో, అక్క చెప్పిందో, కార్డులు చదివి తానే కనిపెట్టిందో అడగలేదు. అవునన్నాను. “అయితే బయటికి పద” అంది.

గంటస్తంభం దాకా నడిచాం. వేయించిన సెనగలు కొన్నాను. తింటూ, “అమ్మ ఈ కొట్లోనే గాజులు కొనేదా?” అని అడిగింది. ఈ కొట్టు కాదు, పక్కది అన్నాను. ఏ రంగువి అంది. చెప్పాను. బేరం ఆడేదా అంది. ఆడేది, కొట్టువాడు దండం పెట్టేవాడు అన్నాను. అది నవ్వింది. ఎనిమిది నెలలుగా నారాయణమ్మ గురించి నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ వేళ ఆపకుండా మాట్లాడాను. చెప్పిందే రెండుసార్లు చెప్పి ఉంటాను కూడా. నువ్వు నమ్మవు గాని, ఏమీ తాగలేదు.

ఇంటికి వచ్చేసరికి ఏడున్నర. ఆరు ఎప్పుడు దాటిందో తెలియలేదు.

అప్పటి నుంచి రోజూ వెళ్తున్నాం. వాళ్లమ్మ నడిచిన వీధులన్నీ చూపించమంటోంది. చాలా ఉన్నాయి.

నరసింగరావు